పరుగెత్తితే పడిపోయే పిల్ల

"ఎక్స్‌రే తీయించాం డాక్టరుగారూ, ఎకో కూడా తీశారు. రంధ్రం లేదన్నారు, కవాటాలు బాగున్నాయన్నారు. మరి మా పిల్లకి గుండెజబ్బు ఉందని ఎలా అంటున్నారు?"

పిల్లల గుండె డాక్టర్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడగవలసిన ప్రశ్నే. పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు అనగానే మన కళ్లముందు మెదిలేది గుండెలో రంధ్రం, నీలిరంగు తిరిగిన పెదవులు, ఆరోగ్యశ్రీ కార్డు, ఆపరేషను. అవన్నీ కట్టుబడిలో లోపాలు. గోడకు చిల్లి ఉంటుంది, లేదా తలుపు సరిగా మూసుకోదు. ఈ అధ్యాయంలో చెప్పబోయే గుండెకు గోడలు గట్టివే, తలుపులు సరైనవే. మేస్త్రీ పనికి వంక పెట్టడానికి లేదు. లోపం కరెంటు పనిలో ఉంది. ఎకో అంటే శబ్దతరంగాలతో గుండె ఆకారాన్నీ కదలికనూ చూసే పరీక్ష. అందులో గోడ కనిపిస్తుంది గాని గోడలోపలి తీగ కనిపించదు. తీగ సంగతి తెలియాలంటే ఈసీజీ తీయాలి.

ఒక దృశ్యం ఊహించండి. ఎనిమిదేళ్ల పిల్ల బడి మైదానంలో ఖోఖో ఆడుతోంది. పరుగు మధ్యలో, మాటామంతీ లేకుండా, నరికిన చెట్టులా పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఎవరో పరుగెత్తుకొచ్చి చేతిలో తాళాలగుత్తి పెట్టారు. నిమిషం తిరక్కుండానే కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. ఫిట్స్ అన్నారు. మెదడు పరీక్ష ఈఈజీలో ఏమీ తేలలేదు. అయినా ఫిట్స్ మాత్రలు మొదలయ్యాయి. ఆర్నెల్ల తర్వాత, వెనకనుంచి కుక్క మొరిగితే మళ్లీ పడిపోయింది. మాత్ర మోతాదు పెంచారు. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఈ జబ్బు గురించి దేశదేశాల వైద్యులు రాసిన పత్రాల్లో ఇదే వరుస పదేపదే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ ఈసీజీ తీయకపోవడమూ అంతే తరచుగా కనిపిస్తుంది.

ఒకే రోట్లో రెండు రోకళ్లు

గుండె పైగదిలో, కుడిపక్క, కొన్ని కణాల గుంపు ఉంది. ఎవరూ చెప్పకుండానే అది తనంతట తాను చిన్న విద్యుత్ స్పందన పుట్టిస్తుంది. దాన్ని నాందికణుపు అందాం. వైద్యులు సైనస్ నోడ్ అంటారు. 1906 వేసవిలో ఇంగ్లండులో మార్టిన్ ఫ్లాక్ అనే వైద్యవిద్యార్థి, నేలలో బొరియలు తవ్వే మోల్ అనే చిన్న జంతువు గుండెలో దీన్ని చూశాడు. తన గురువు ఆర్థర్ కీత్‌తో కలిసి మరుసటి ఏడు ప్రకటించాడు. అప్పుడే పుట్టిన బిడ్డలో ఈ కణుపు నిమిషానికి 120 నుంచి 160 సార్లు కబురు పంపుతుంది. పదేళ్లు వచ్చేసరికి అది 70 నుంచి 100కి దిగుతుంది. కబురు పైగదుల్లోంచి దిగి, నడుమ ఉన్న మరో కణుపు దగ్గర క్షణకాలం ఆగి, కిందిగదులకు చేరుతుంది. కిందిగదులు పిండుకుంటాయి, రక్తం ఊరేగుతుంది.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసిందే. తెలియనిది దీని తర్వాతి సగం.

పసుపు దంచేటప్పుడు ఒకే రోటి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రోకలీ వేయడం చూసే ఉంటారు. చూసేవాళ్ల దృష్టి రోకలి పడటం మీద ఉంటుంది. దంచేవాళ్ల ప్రాణం మాత్రం రోకలి లేవడం మీద ఉంటుంది. నా రోకలి రోట్లోంచి పైకి వచ్చాకే ఎదుటివాళ్లది పడాలి. లేవడం కాస్త ఆలస్యమైతే రోకళ్లు ఢీకొంటాయి. నెమ్మదిగా దంచుతున్నంతసేపూ ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. ఊపు అందుకున్నాకే బయటపడుతుంది.

గుండె కణం కూడా ఇలాగే ఒకసారి దంచి, ఒకసారి ఎత్తుకోవాలి. దంచడమంటే సోడియం ఒక్క ఉదుటున కణంలోకి దూసుకురావడం. ఎత్తుకోవడమంటే పొటాషియం కణంలోంచి బయటికి వెళ్లిపోయి, కణం మళ్లీ మొదటి స్థితికి రావడం. ఆ పొటాషియం వెళ్లడానికి కణం పొరలో చెరువు తూముల్లాంటి ద్వారాలున్నాయి. పుట్టుకతోనే ఆ తూములు సన్నగా ఉంటే కణం తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. అది తేరుకోకముందే మరో దెబ్బ పడితే కిందిగదుల్లో లయ చెదిరిపోతుంది.

ఈ దంచడం, ఎత్తడం రెండూ ఈసీజీ కాగితం మీద పడతాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెం ఐంతోవెన్ సన్నని తీగతో తయారుచేసిన యంత్రమే ఈసీజీకి మూలపురుషుడు. దానికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. గీతలోని మిట్టపల్లాలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టింది కూడా ఆయనే. క్యూ దగ్గర రోకలి పడటం మొదలవుతుంది, టీ ముగిసేసరికి పూర్తిగా లేస్తుంది. ఆ రెండింటి మధ్యకాలం క్యూటీ. మనం తేరుకునే వ్యవధి అనుకోవచ్చు. ఈసీజీ కాగితం మీద పెద్ద గడి ఒక్కొక్కటి సెకనులో అయిదోవంతు. క్యూటీ మామూలుగా రెండు పెద్ద గడులకు అటూఇటూగా ఉంటుంది. గుండె వేగాన్ని బట్టి అది మారుతుంది కనుక వేగానికి తగ్గట్టు సరిచేసి చూస్తారు. 1920లో బాజెట్ చెప్పిన లెక్కే ఈనాటికీ వాడుకలో ఉంది. అలా సరిచేసిన విలువ 460 మిల్లీసెకన్లు దాటితే అనుమానం. 480 దాటి, మళ్లీ తీసినా అలాగే ఉంటే అనుమానం బలపడుతుంది. 500 దాటితే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. ఈ జబ్బు పేరే లాంగ్ క్యూటీ సిండ్రోమ్. ఆలస్యంగా తేరుకునే గుండె.

రోకళ్లు ఢీకొన్నప్పుడు ఈసీజీ గీత పురి తిప్పిన తాడులా పైకీ కిందికీ మెలికలు పోతుంది. 1966లో ఫ్రెంచి వైద్యుడు దెస్సెర్తెన్ వర్ణించిన ఆ లయకు ఫ్రెంచి పేరే నిలిచిపోయింది, టోర్సాడ్ ద పాయింట్స్ అని. ఆ కాసేపూ గుండె వణుకుతుందే తప్ప రక్తాన్ని తోయలేదు. మెదడుకు రక్తం అందక పిల్ల పడిపోతుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. చాలాసార్లు ఆ మెలిక దానంతట అదే విడిపోతుంది, పిల్ల లేచి కూర్చుంటుంది. విడిపోని రోజూ ఒకటి రావచ్చు. నాకు ఈ జబ్బులో అన్నిటికన్నా భయం వేసేది ఇదే. లేచి కూర్చున్న ప్రతిసారీ "ఏమీ లేదులే" అన్న ధైర్యం ఇంటిల్లిపాదికీ కలుగుతుంది.

లైప్‌జిగ్ బడిలో పడిపోయిన పిల్ల

1856లో జర్మన్ వైద్యుడు మైస్నర్ ఒక సంఘటన రాసిపెట్టాడు. లైప్‌జిగ్‌లో చెవిటి పిల్లల బడి. ఏదో చిన్న తప్పు చేసిందని ఒక పిల్లను అందరి ముందూ బడి పెద్ద ఎదుట నిలబెట్టారు. మందలించబోయేలోపే ఆ పిల్ల నేలకూలి చనిపోయింది. కబురు విన్న తల్లిదండ్రులు ఏడ్చారేమోగాని ఆశ్చర్యపోలేదు. అంతకుముందే వాళ్ల పిల్లలు ఇద్దరు ఇలాగే పోయారు, ఒకరు విపరీతమైన భయంతో, ఒకరు కోపావేశంలో.

అప్పటికి ఈసీజీ లేదు. మరో నూరేళ్లకు, 1957లో, నార్వేలో యెర్వెల్, లాంగె-నీల్సన్ అనే ఇద్దరు ఒక కుటుంబాన్ని పరిశీలించారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టుచెవుడు. ఆ నలుగురికీ మూర్ఛలు, నలుగురి ఈసీజీలోనూ క్యూటీ బారెడు. వాళ్లలో ముగ్గురు నాలుగు, అయిదు, తొమ్మిదేళ్ల వయసుల్లో హఠాత్తుగా చనిపోయారు. ఆ తర్వాత 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండులో వార్డ్, చెవుడు లేకుండా ఇదే జబ్బు ఉన్న కుటుంబాలను చూపించారు. చెవుడు లేని రకమే ఎక్కువ. ఇటలీలో 44 వేలకు పైగా పసిపిల్లలకు ఈసీజీ తీసి 2009లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దాదాపు రెండువేల మందిలో ఒకరికి ఇది ఉంటుంది. 1990ల్లో అమెరికాలోని యూటాలో మార్క్ కీటింగ్ బృందం దీని జన్యువుల్లో ముఖ్యమైనవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుంది. ఎక్కువభాగం పొటాషియం తూములను కట్టే జన్యువులే.

చెవికీ గుండెకూ ముడి ఎక్కడ? లోపలిచెవిలో పొటాషియం నిండిన ఒక ద్రవం ఉంది. శబ్దం నరాలకు చేరడానికి అదే ఆధారం. ఆ ద్రవాన్ని నింపే తూమూ, గుండెను తేరుకోనిచ్చే తూమూ ఒకే జన్యువు పెట్టినవి. తల్లి ఇచ్చిన ప్రతి, తండ్రి ఇచ్చిన ప్రతి, రెండూ చెడిపోయినప్పుడే చెవుడు, మూర్ఛ కలిసి వస్తాయి. రెండు ప్రతులూ ఒకేలా చెడాలంటే ఆ చెడు ఒకే పూర్వికుడి దగ్గర్నుంచి రెండు దారుల్లో రావడం సులువు. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాలు తరతరాలుగా ఉన్న మన తెలుగు జిల్లాలకు ఈ సంగతి పరాయిది కాదు. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి నేనీ మాట అనడం లేదు. పుట్టుచెవుడున్న ప్రతి పిల్లకూ ఒక ఈసీజీ తీయాలని పట్టుబట్టడానికి అంటున్నాను. పుట్టుచెవుడునూ పుట్టు గుండెజబ్బునూ 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో, అంగన్‌వాడీల్లో వెతుకుతున్నారు. చెవి ఆపరేషనుకు ముందు, మత్తు ఇవ్వకముందు, ఆ పది నిమిషాల పరీక్ష అయి తీరాలి. వినికిడి తెప్పించబోయి ఊపిరి పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు.

ఏం చేస్తుండగా పడింది?

ఈ జబ్బును పట్టుకోవడంలో యంత్రం కన్నా ముందు పనికొచ్చేది ప్రశ్న. పడిపోయిందని చెబితే చాలదు, ఏం చేస్తుండగా పడిందో చెప్పాలి.

ఉదయం టిఫిను తినకుండా వచ్చి, ప్రార్థనలో ఎండలో నిలబడి, కళ్లు బైర్లు కమ్మి, చెమటలు పట్టి, మెల్లగా ఒరిగిపోయే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. అది చాలామటుకు మామూలు సొమ్మసిల్లడం. గుక్కపట్టి ఏడ్చి నీలమైపోయే పసివాడిదీ ఎక్కువగా భయపడక్కర్లేని సంగతే. ఒక్కసారి ఈసీజీ చూసుకుంటే నిశ్చింత. కాని పరుగు మధ్యలో, ఈతలో, ఉలికిపాటులో, ఏ ముందస్తు సూచనా లేకుండా పడిపోతే దాని దారి వేరు. పడ్డ పిల్ల ఒకటి రెండు నిమిషాల్లో పూర్తి స్పృహతో మాట్లాడితే గుండెను అనుమానించాలి. ఫిట్స్ తర్వాత సాధారణంగా మగత, అయోమయం ఇంకాస్త ఎక్కువసేపు ఉంటాయి.

చెడిన తూమును బట్టి ప్రమాద సమయమూ మారుతుంది. మొదటి రకంలో పరుగు, ముఖ్యంగా ఈత. రోకలి వేగం పెరిగినప్పుడు చేయి అందుకోలేకపోవడం అన్నమాట. రెండో రకంలో హఠాత్తు శబ్దం: నిద్రలో మోగిన అలారం, పక్కనే మోగిన ఫోను. మూడో రకంలో సోడియం ద్వారం సరిగా మూసుకోదు. అది నిద్రలో, గుండె నెమ్మదించినప్పుడు దెబ్బతీస్తుంది. రోకలి పోలిక ఇక్కడ సరిపోదు.

ఇంటి చరిత్ర కూడా తవ్వాలి. "మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?" అంటే లేదనే చెబుతారు. "ఈత వచ్చినవాళ్లెవరైనా బావిలోనో కాలవలోనో మునిగి పోయారా? పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారా? ఫిట్స్ అని మందులు వాడినవాళ్లున్నారా?" అని అడిగితే, మూలన కూర్చున్న అమ్మమ్మ అప్పుడు నోరు తెరుస్తుంది.

ఇంతా చేసి ఈసీజీ తీస్తే అది మామూలుగా ఉండవచ్చు. చెడ్డ జన్యువు ఉన్నవాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి విశ్రాంతిలో క్యూటీ హద్దులోనే ఉంటుంది. అందుకే పడుకున్న పిల్లను గబాలున లేపి నిలబెట్టి చూస్తారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఆపాక చూస్తారు, రోజంతా నమోదు చేసే హోల్టర్ కడతారు, జన్యుపరీక్ష చేస్తారు. ట్రెడ్‌మిల్ మీద మాత్రమే బయటపడే మరో జబ్బూ ఉంది, సీపీవీటీ. దానిలో తేరుకునే వ్యవధి బాగానే ఉంటుంది, కణం లోపల కాల్షియం కాపలా చెడుతుంది. విశ్రాంతిలో తీసిన ఈసీజీ నిర్మలంగా కనిపిస్తుంది. పరుగులో పడిపోయిన పిల్లకు పడుకోబెట్టి తీసిన ఒక్క కాగితంతో భరోసా ఇవ్వకూడదు.

పెరటిదోవ, తెగిన తీగ

ఈసీజీలో తేలే మరో రెండింటి గురించి క్లుప్తంగా చెప్తాను. పైగదులకూ కిందిగదులకూ మధ్య కబురు వెళ్లడానికి ఒకటే దోవ ఉండాలి. కొందరిలో పుట్టుకతో ఒక పెరటిదోవ కూడా ఉంటుంది. 1930లో వుల్ఫ్, పార్కిన్సన్, వైట్ 11 మందిలో వర్ణించారు గనక డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. కబురు ఒక దోవన దిగి ఇంకో దోవన ఎక్కి గిరగిరా తిరుగుతుంటే పసిగుండె నిమిషానికి 220 దాటి, ఒక్కోసారి 300 దాకా కొట్టుకుంటుంది. పసిబిడ్డ చెప్పలేదు కదా. పాలు తాగదు, తాగుతూ చెమటలు కక్కుతుంది, పాలిపోతుంది. ఆస్పత్రిలో ముఖం మీద కాసేపు ఐసుసంచి పెట్టినా, అడినోసిన్ సూది ఇచ్చినా ఆ సుడి తెగుతుంది. ఏడాది నిండేసరికి చాలామందిలో బెడద తగ్గుతుంది. తగ్గనివాళ్లకు కాస్త పెరిగాక, తొడ రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి ఆ పెరటిదోవను కాల్చి మూసేస్తారు. ఈ అధ్యాయంలోని జబ్బుల్లో పూర్తిగా నయమైపోయే అదృష్టం దీనికే ఉంది.

రెండోది తెగిన తీగ: పైనుంచి కబురు కిందికి అసలు దిగకపోవడం. తల్లి రక్తంలో యాంటీ-రో అనే ప్రతిరక్షకాలుంటే అవి మాయ దాటి, ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్య, బిడ్డ గుండెలోని కణుపును దెబ్బతీస్తాయి. అలాంటి తల్లుల్లో నూటికి ఒకరిద్దరి బిడ్డలకే ఇలా జరుగుతుంది. గర్భంలోనే బిడ్డ గుండె 50, 60 దగ్గర కొట్టుకుంటుంది. పుట్టాక చాలామందికి పేస్‌మేకర్ కావాలి. మెడలో వేలాడదీసుకోగల మొట్టమొదటి బ్యాటరీ పేస్‌మేకర్ పుట్టింది కూడా పిల్లల కోసమే. 1957లో మినియాపొలిస్‌లో లిల్లిహై అనే సర్జన్ గుండె ఆపరేషను అయిన పిల్లలను గోడ ప్లగ్గు కరెంటుతో నడిచే యంత్రాలతో బతికించేవాడు. ఆ అక్టోబరులో ఊరికి కరెంటు పోయింది. దాంతో ఆయన ఎర్ల్ బాకెన్ అనే ఇంజనీరును పిలిచి బ్యాటరీతో నడిచేది చేయమన్నాడు. సంగీతం నేర్చుకునేవాళ్లకు తాళం చెప్పే మెట్రోనోమ్ సర్క్యూటును ఒక పత్రికలో చూసి, బాకెన్ దాన్నే గుండెకు తాళం వేసేలా మార్చాడు.

మాత్ర, ఓఆర్‌ఎస్, మందులషాపు

ఆలస్యంగా తేరుకునే గుండెకు మొదటి మందు బీటా బ్లాకర్. ముఖ్యంగా ప్రొప్రనలాల్, నాడొలాల్. ఉద్వేగంలో, పరుగులో ఒంట్లోకి ఉబికివచ్చే ఎడ్రినలిన్ గుండెను రెచ్చగొట్టకుండా అవి అడ్డుపడతాయి. ప్రొప్రనలాల్ ఖరీదైన మందేమీ కాదు. మొదటి రకం జబ్బులో ఇది చేసే మేలు అంతా ఇంతా కాదు. మందు మొదలుపెట్టాక కూడా ఆపద వచ్చినవాళ్ల లెక్కలు తీస్తే, ఎక్కువమంది మాత్ర మానేసినవాళ్లో, క్యూటీని పెంచే మరో మందు మింగినవాళ్లో అయ్యారు. పిల్ల ఏడాదిగా పడిపోలేదు, ఇక మాత్ర ఎందుకు అనుకోకూడదు. మాత్ర వేస్తున్నాం కనుకే పడిపోవడం లేదు. బీటా బ్లాకర్లన్నీ ఒకటేననీ అనుకోవద్దు. "అది లేదు, ఇదీ అలాంటిదే" అని షాపులో మెటప్రొలాల్ ఇస్తే తీసుకోకండి. ఈ జబ్బులో అది అంత నమ్మదగింది కాదు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. పసిబిడ్డ పాలు తాగడం మానేసిన రోజున డాక్టరుకు ఫోను చేయాలి, ఈ మందుతో రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

మందులషాపు సంగతి ఇంకొంచెం చెప్పాలి. గొంతునొప్పికి చీటీ లేకుండా అజిత్రోమైసిన్ ఇవ్వడం మన ఊళ్లలో మామూలే. వాంతులకు ఒండాన్‌సెట్రాన్ సిరపో డొంపెరిడోనో ఇస్తారు. మామూలు పిల్లలకు ఇవి మంచి మందులే. ఈ పిల్లకు మాత్రం ఇవే తూములను ఇంకాస్త మూస్తాయి. పైగా వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం తగ్గిపోయి ఉంటుంది. తగ్గిన పొటాషియం ఒకవైపు, మూసే మందు మరోవైపు. ఒకే రాత్రి రెండు దెబ్బలు. అందుకని వాంతులు మొదలైన గంట నుంచే ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు పట్టించాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లకు జబ్బు పేరు చెప్పాలి. పేరునూ, వాడకూడని మందుల జాబితానూ తెల్లకాగితం మీద రాసి బడిసంచిలో ఒకటి, అమ్మ పర్సులో ఒకటి పెట్టడం ఎవరైనా చేయగల పని.

మాత్ర చాలనివాళ్లకు ఎడమవైపు మెడ కింద, ఛాతీలో గుండెకు వెళ్లే సింపథెటిక్ నరాలను కత్తిరిస్తారు. 1970లో ఆర్థర్ మాస్ ఒక రోగికి ఈ ఆపరేషను చేయించినప్పటినుంచీ ఇది ఉంది. గుండె ఆగిపోయి బతికి బయటపడ్డ పిల్లలకు, మెలిక పడగానే షాక్ కొట్టి లయను సరిచేసే ఐసీడీ అమరుస్తారు. అది ప్రాణదాతే, అందులో సందేహం లేదు. కాని పెరిగే ఒంట్లో తీగలు లాగుతాయి, బ్యాటరీ అయిపోతే మళ్లీ ఆపరేషను. అవసరం లేనప్పుడు కొట్టిన షాక్‌ను పిల్ల మరిచిపోదు. అందుకే ప్రతి పిల్లకూ దీన్ని తొందరపడి పెట్టరు.

ఈతకు, పోటీ ఆటలకు సంబంధించి డాక్టరు గీసిన గీత దాటకూడదు. అలారం గడియారం పిల్ల గదిలోంచి తీసేయాలి. బడిలో కనీసం ఇద్దరు టీచర్లకైనా ఛాతీ నొక్కడం వచ్చి ఉండాలి. పడిపోయిన పిల్ల పిలిస్తే పలక్కపోతే, ఊపిరి సరిగా తీయకపోతే, తాళాలు వెతకొద్దు. ఒకరు 108కి ఫోను చేయాలి. ఒకరు ఛాతీ నడుమ, మూడోవంతు లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి.

పిల్లకు జబ్బు తేలిన రోజున డాక్టరు ఇంకో చీటీ రాస్తాడు. అన్నకు, చెల్లికి, అమ్మకు, నాన్నకు ఈసీజీ. చెవుడు లేని రకంలో తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఇది వచ్చే అవకాశమే ఎక్కువ, వాళ్ల ప్రతి బిడ్డకూ సగం పాలు ముప్పు. "నాకెందుకండీ, నేను బాగానే ఉన్నాను" అంటుంది తల్లి. డాక్టరు మెల్లగా అడుగుతాడు, చిన్నప్పుడెప్పుడైనా పడిపోయావా అమ్మా అని. పడిపోయేదట, నాట్లకు వెళ్లినప్పుడు, ఉరుము ఉరిమినప్పుడు. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇచ్చేవారట. ఈ పిల్ల పుట్టిన మూడోనెలలో ఒకసారి తెల్లవారుజామున ఫోను మోగితే కూడా పడిపోయిందట, బాలింత నీరసం అనుకున్నారట. నర్సు పిల్ల ఛాతీ మీది ఈసీజీ గుండీలు తీసి తుడుస్తుంది. పిల్ల దిగిన బల్ల మీదికి తల్లి ఎక్కి పడుకుంటుంది.